ఆడని ఆటగాళ్ల పద్దు

ఆటల చరిత్ర రాసేవారు సాధారణంగా ఆడినవారిని గురించే రాస్తారు. ఎవరెన్ని పరుగులు తీశారు, ఎవరెన్ని వికెట్లు పడగొట్టారు, ఏ సంవత్సరం కప్పు ఎవరి పాలయింది - ఇదే వారి చరిత్ర. ఆడే శక్తి ఉండీ మైదానం గడప తొక్కలేకపోయినవారి మాట ఎత్తరు. అడిగితే, వారిని గురించి ఆధారాలు లేవు గదా అంటారు. ఆధారాలు లేకపోవడం కూడా ఒక చారిత్రక సత్యమేననీ, దానికీ కారణాలుంటాయనీ, ఆ కారణాలు సాంఘికమైనవనీ గుర్తించడానికి సిద్ధపడరు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఆ ఆధారాలు లేని మనుషులను గురించి. వారిని లెక్కలోకి తీసుకురావడానికి నేనూ, నా దగ్గర చరిత్ర చదువుకునే విద్యార్థులూ జహీరాబాదులో ఒక కాగితపు లీగును ఏర్పాటు చేసుకున్నాం. అందులో ఆటగాళ్లందరూ కల్పితులు. కాలం మాత్రం కల్పితం కాదు: 1930 నుంచి 1948 దాకా, అంటే నిజాం రాజ్యపు చివరి సంవత్సరాలు. పాచికలు వేసి, పద్దు రాసి, ఆ కాలంలో మా ప్రాంతపు పిల్లవాడు క్రికెట్ ఆటగాడు కావాలంటే ఏమేమి దాటవలసి వచ్చేదో లెక్కగట్టాం. ఇది కాలక్షేపానికి చేసిన పని కాదు. చరిత్ర బోధనలో ఇదొక పద్ధతి కాగలదని నా నమ్మకం. ఆ నమ్మకానికి కారణాలు చెప్పి పాఠకుల విమర్శకు పెడుతున్నాను.

1

కాగితం మీద లీగు నడపడం మేము కనిపెట్టింది కాదు. అది అమెరికాలో బేస్‌బాల్ చుట్టూ పెరిగిన అలవాటు. ఆ ఆట మనకు పరిచయం తక్కువ. స్థూలంగా చెబితే, ఒకడు బంతి విసురుతాడు. ఇంకొకడు కర్రతో కొట్టి, చదరానికి నాలుగు మూలల ఉన్న మజిలీలను వరుసగా తాకుతూ బయలుదేరిన చోటికే తిరిగి వస్తే ఒక పరుగు. ముగ్గురు అవుటయితే పక్షం మారుతుంది. తొమ్మిది ఇన్నింగ్సులకు ఆట ముగుస్తుంది. ప్రతి ఘట్టమూ విసిరేవాడికీ కొట్టేవాడికీ మధ్య జరిగే పోరు కనుక ప్రతి ఘట్టాన్నీ అంకెగా మార్చి రాసుకోవచ్చు. 19వ శతాబ్దం మధ్యకాలంలో ఆ అంకెల పట్టికకు రూపం దిద్దినవారిలో ముఖ్యుడు హెన్రీ చాడ్విక్ అనే పత్రికా రచయిత. అతడు ఇంగ్లండులో పుట్టినవాడు, క్రికెట్ స్కోరు పట్టికలు ఎరిగినవాడు. కాబట్టి బేస్‌బాల్ లెక్కలకు మూలం క్రికెట్ లెక్కల్లోనే ఉంది. ఇటు నుంచి అటు పోయిన విద్యను మేము తిరిగి ఇటు తెచ్చుకున్నామంతే.

ఆటను అంకెలుగా మార్చగలిగినప్పుడు, ఆ అంకెలను పాచికల సాయంతో మళ్లీ ఆటగా మార్చడమూ సాధ్యమే. 1951లో ఆప్బా అనే ఆట అమెరికాలో అమ్మకానికి వచ్చింది. రెండు పాచికలను కలిపి రెండంకెల సంఖ్యగా చదివితే 11 నుంచి 66 దాకా మొత్తం 36 ఫలితాలు వస్తాయి. ఒక్కొక్క ఆటగాడికి ఒక కార్డు, ఆ కార్డు మీద 36 ఫలితాలు. బాగా కొట్టేవాడి కార్డులో మంచి ఫలితాలు ఎక్కువ, కొట్టలేనివాడి కార్డులో తక్కువ. 1961లో వచ్చిన స్ట్రాట్-ఒ-మాటిక్ అనే ఆటలో మూడు పాచికలు. మొదటి పాచిక, కొట్టేవాడి కార్డు చూడాలా, విసిరేవాడి కార్డు చూడాలా అన్నది తేలుస్తుంది. మిగిలిన రెండూ ఫలితం చెబుతాయి.

ఈ ఆటల్లో నిజమైన ఆటగాళ్ల పేర్లే ఉండేవి. తమ ఆటగాళ్లను తామే పుట్టించుకున్నవారూ ఉన్నారు. అమెరికన్ రచయిత జాక్ కెరువాక్ చిన్ననాటి నుంచీ పెద్దవాడైన తరువాత కూడా తాను కల్పించిన జట్లతో కార్డుల మీద బేస్‌బాల్ ఆడుకున్నాడు. రాబర్ట్ కూవర్ 1968లో రాసిన ఒక నవలలో కథానాయకుడు గణకుడు. పగలు యజమాని లెక్కలు రాసి, రాత్రి ఇంటికి వచ్చి పాచికలు వేసి తన ఊహా లీగు లెక్కలు రాసుకుంటాడు. చివరకు నిజ ప్రపంచం అతని చేతిలోంచి జారిపోతుంది. ఆ గణకుడి దుస్థితిలో పెట్టుబడిదారీ సంఘపు గుమాస్తా బతుకు ఉంది. అతని శ్రమ మీద అతనికి అధికారం లేదు. కనుక అధికారం ఉన్న ఒక చిన్న లోకాన్ని బల్ల మీద కట్టుకున్నాడు. ఊహా లీగు ఇలా పలాయనానికి సాధనం కావచ్చు. అలా కాకుండా ఉండాలంటే ఏం చేయాలన్నదే మా ముందున్న ప్రశ్న.

2

ఆ ప్రశ్నకు జవాబు కూడా బేస్‌బాల్ చరిత్రలోనే దొరుకుతుంది.

1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లజాతి యువకుడు ఆనాటి పెద్ద లీగుల్లో ఒకదానిలో ఆడాడు. 1887 నుంచి ఆ తలుపులు మూసుకోవడం మొదలయింది. నల్లవారిని చేర్చుకోరాదని పెద్ద లీగుల నిబంధనల్లో రాసి ఉండదు; యజమానులందరికీ తెలిసిన ఒప్పందం అది. రాయని నిబంధన రాసినదానికంటే గట్టిదని మన గ్రామాలు ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. బయట నిలిచిపోయినవారు 1920లో రూబ్ ఫాస్టర్ నాయకత్వాన కాన్సాస్ సిటీలో తమ సొంత లీగును స్థాపించుకున్నారు. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టు తరఫున మైదానంలోకి దిగేదాకా ఆ అడ్డుగోడ అలాగే నిలిచింది. అప్పటికి మూడు నెలల కిందటే, నల్లవారి లీగుల్లో అందరికంటే గొప్పగా కొట్టేవాడని పేరు పొందిన జాష్ గిబ్సన్ 35 ఏళ్లకే మరణించాడు. పెద్ద లీగులో అతడు ఒక్క బంతి కూడా ఆడలేదు.

ఆ గోడ దానంతట అది కూలలేదు. అమెరికన్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక డెయిలీ వర్కర్ ఆటల పుటకు సంపాదకుడైన లెస్టర్ రాడ్నీ 1936 నుంచి ఈ వివక్ష మీద ఎడతెగని పోరాటం సాగించాడు. ఆటల పుట కూడా వర్గపోరాటంలో ఒక రంగమేనని అతడు ఆచరణలో చూపాడు.

మన విషయానికి ముఖ్యమైనది ఆ తరువాతి సంగతి. ఏ లీగులు పెద్ద లీగులో, ఎవరి లెక్కలు అసలు లెక్కలో తేల్చడానికి 1960ల చివర అమెరికాలో ఒక సంఘం కూర్చుంది. అది ఆరు లీగులకు గుర్తింపు ఇచ్చింది. అందులో నల్లవారి లీగు ఒక్కటీ లేదు. 2020 డిసెంబరులో గాని బేస్‌బాల్ యాజమాన్యం 1920-48 నాటి నల్లవారి లీగులను గుర్తించలేదు. 2024 మేలో వాటి లెక్కలను అధికార పట్టికలో కలిపారు. కలిపిన మరుక్షణం, జీవితకాలపు సగటులో తొమ్మిది దశాబ్దాలకు పైగా పై మెట్టు మీద ఉన్న టై కాబ్ కిందికి దిగాడు; .372 సగటుతో జాష్ గిబ్సన్ మొదటివాడయ్యాడు. చనిపోయిన 77 ఏళ్లకు!

ఇందులో గమనించవలసింది ఒకటుంది. గిబ్సన్ కొట్టిన బంతులు మారలేదు. మారింది గుమ్మం. రికార్డు అనే మాటను మనం ప్రతిభకు కొలతగా వాడుతున్నాం. అది ప్రతిభకు ఎంత కొలతో గుమ్మానికీ అంతే కొలత. అయినా గిబ్సన్ ఎక్కడో ఒకచోట ఆడాడు కనుక అతని లెక్కలు మిగిలాయి. ఎక్కడా ఆడనివాడి మాటేమిటి? అతనికి పట్టిక లేదు, కలపడానికి 2024 రాదు. కల్పిత ఆటగాడి అవసరం సరిగ్గా అక్కడ మొదలవుతుంది.

3

మన పిల్లలకు పాచికలూ కార్డులూ లేకపోయినా ఇలాంటి ఆట ఒకటి చాలాకాలంగా ఉంది. అది బుక్ క్రికెట్. పాఠ్యపుస్తకాన్ని గుడ్డిగా తెరిచి, ఎడమవైపు పుట సంఖ్యలో చివరి అంకె చూస్తారు. సున్నా వస్తే అవుట్. 2, 4, 6 వస్తే అన్ని పరుగులు. 8 వస్తే కొన్ని బడుల్లో 8, కొన్ని బడుల్లో 1. తరగతి చివరి బెంచీలో ఆడినవారందరికీ ఇది తెలుసు. ఇందులో దాగిన గణితం మాత్రం తక్కువమంది చూసి ఉంటారు.

పుస్తకం తెరిచినప్పుడు ఎడమవైపు వచ్చేవి సరిసంఖ్యలే. కనుక ఫలితాలు అయిదు, అయిదింటికీ సమాన అవకాశం. అవుటయ్యే అవకాశం అయిదింట ఒకటి. కాబట్టి సగటున నాలుగుసార్లు పరుగులు తీసిన తరువాత అవుటవుతాడు. 8ని 8గానే లెక్కిస్తే ఒక్కో దెబ్బకు సగటు 5 పరుగులు, మనిషికి 20. 8ని 1గా లెక్కిస్తే మనిషికి 13. పేరు ఏదయినా సరే, కాగితం మీద ఎవరిని దింపినా సరే, సగటు అదే. పుస్తకం ముందు అందరూ సమానులు.

ఈ సమానత్వం విద్యార్థులకు ముచ్చటగా కనబడింది. చరిత్ర విద్యార్థికి ఇదే అనుమానం కలిగించాలి. రాజు కొడుకుకూ జీతగాడి కొడుకుకూ ఒకే సగటు ఇచ్చే ఆట నిజ చరిత్రను దాచిపెడుతున్నది. చట్టం ముందు అందరూ సమానులే అనే ఉదారవాది మాట కూడా ఇలాంటిదే. పుటలు తెరవడంలో సమానత్వం ఉంది సరే. పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

4

1930 నాటికి మా ప్రాంతం ఎలా ఉండేది? నేటి జహీరాబాదు 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది, అంతకు ముందు మెదక్ జిల్లాలో. నిజాం కాలంలో ఇది బీదరు జిల్లా. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనలో ఈ తాలూకాలో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది, బీదరు మైసూరు రాష్ట్రానికి పోయింది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ కలిసి వినబడే నేల ఇది. ఆనాడు సర్కారు బడిలో పై చదువు ఉర్దూలో. రాజ్యం మొత్తం మీద చదవను రాయను వచ్చినవారు నూటికి పదిమంది లోపు. భూమిలో పెద్ద భాగం జాగీర్ల కింద ఉండేది. బీదరు జిల్లాలో పాయిగా అమీర్ల ఇలాకాలు విస్తారంగా ఉండేవి. జాగీర్ల రద్దు 1949లో గాని జరగలేదు.

ఆ పాయిగా కుటుంబాల్లో ఒకదానికి చెందిన నవాబు మొయినుద్దౌలా పేరు మీద 1930-31లో హైదరాబాదులో బంగారు కప్పు పోటీ మొదలయింది. దేశంలోని పెద్ద ఆటగాళ్లు దానికోసం వచ్చేవారు. జాగీరు రైతు కట్టిన శిస్తు ఎన్ని రూపాలు ధరించిందో లెక్క తీస్తే వాటిలో ఈ కప్పు ఒకటి. సికిందరాబాదు మైదానానికి మా ఊరు సుమారు 100 కిలోమీటర్ల దూరం. ఆ దూరాన్ని శిస్తు ఏటా దాటింది. శిస్తు కట్టినవాడి కొడుకు దాటలేదు.

అంతమాత్రాన ఆనాటి ఆటగాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1937-38లో హైదరాబాదు జట్టు రంజీ ట్రోఫీ ఫైనలులో నవానగర్‌ను ఒక్క వికెట్టు తేడాతో ఓడించింది. ఐబారా అవుటు కాకుండా చేసిన 137 పరుగులు నేటికీ తలచుకోదగినవి. ఆ గెలుపు నిజమయినదే. అది ఎంత చిన్న గుంపులోంచి ఏరి తెచ్చిన గెలుపో అన్నదే నా ప్రశ్న.

5

ఇక లీగు ఏర్పాటు సంగతి. మొదట పేర్లు కావాలి. విద్యార్థులను పేర్లు రాయమన్నాను. మొదటి విడతలో వచ్చిన పేర్లలో ఎక్కువ భాగం దొరల ఇంటి పేర్లు, నవాబుల బిరుదులు, నేటి క్రికెట్ వీరుల పేర్లకు అనుకరణలు. తమ తాతల పేర్లు ఒక్కరూ రాయలేదు. మన దేశంలో పేరు చెప్పగానే కులమూ మతమూ తెలిసిపోతాయి. మల్లారెడ్డి అంటే ఒకలా, మల్లిగాడు అంటే ఇంకోలా చెవిలో పడుతుంది. ఆటగాడంటే ఎవడు అన్న ఊహను కూడా పాలకవర్గం ముందే ఆక్రమించుకున్నదన్నమాట. చాలాసేపు తర్జనభర్జన జరిగాక పేర్లు మానేసి అంకెలు వేయాలని తీర్మానించాం. ఒకటి నుంచి 120 వరకు కార్డులు. అందరూ 1915 ప్రాంతంలో మా తాలూకా పల్లెల్లో పుట్టినవారు.

తరువాత ప్రతిభ. ఒక్కో కార్డుకు రెండు పాచికలు వేసి కూడాం. 11 గాని 12 గాని వస్తే అసాధారణ ప్రతిభ. రెండు పాచికలకు 36 విధాల పడే వీలుంటే, అందులో 11, 12 వచ్చేవి మూడు. అంటే పన్నెండింట ఒకటి. 120 మందిలో పదిమంది. ఇక్కడ ఒక నియమం పెట్టుకున్నాం: ప్రతిభ పాచికకు కులం తెలియదు, భూమి తెలియదు.

ఆ పైన గుమ్మాలు. మొదటి గుమ్మం బడి. పాచిక మీద ఆరు పడితేనే లోపలికి. ఆనాటి వాస్తవం కంటే ఇది ఉదారమైన నిబంధనే. రెండవ గుమ్మం తీరిక. బడికి వెళ్లిన పిల్లవాడు కూడా సాయంత్రం పశువుల వెంటో, జొన్నచేను కాపలాకో, వెట్టికో పోవలసినవాడే. సరి వస్తే తీరిక, బేసి వస్తే పని. మూడవ గుమ్మం పోషకుడు. పల్లె నుంచి పట్నానికి తీసుకుపోయి, బూట్లు కొనిచ్చి, ఫలానావాడు ఆడగలడని క్లబ్బులో చెప్పేవాడు. మళ్లీ ఆరు పడాలి.

లెక్క చూడండి. ఆరింట ఒకటి, అందులో సగం, అందులో ఆరింట ఒకటి: మొత్తం 72లో ఒకటి. పదిమంది ప్రతిభావంతులున్న తరం నుంచి ఒక్కడు మైదానం చేరాలంటే అలాంటి తరాలు ఏడు గడవాలి. మా మొదటి పద్దులో మూడవ గుమ్మం దాటినవాడు ఒక్కడూ లేడు. పద్దు ఖాళీగా ముగిసింది. ఒక విద్యార్థి ఆ పుటకేసి చూసి, "ఇది మన ఊరి క్రికెట్ చరిత్ర" అన్నాడు. ఆ వాక్యాన్ని నేను సవరించలేదు.

6

ఇక్కడ తరగతిలో పెద్ద వాదం పుట్టింది. కొందరు అన్నారు: ఆటగాళ్లు ఎలాగూ కల్పితులే, గుమ్మాలు ఎత్తేస్తే పోదా? మన లీగులోనన్నా అందరూ ఆడనీ. మరికొందరు అడ్డుకున్నారు: గుమ్మాలు ఎత్తేస్తే అది 1930 కాదు, మన కోరిక మాత్రమే. మొదటివారి మాటలో న్యాయం ఉంది, రెండవవారి మాటలో సత్యం ఉంది. న్యాయాన్ని సత్యం పేరుతో రాస్తే కలలు కనే కవిత్వమవుతుంది. సత్యాన్ని మాత్రమే రాసి ఊరుకుంటే, ఉన్నది ఇంతే, ఇలాగే ఉంటుంది అనే నిరాశ మిగులుతుంది.

రెండూ కలిపి మేము చేసింది ఇది. అవే 120 కార్డులు, అదే ప్రతిభ, రెండు పద్దులు. మొదటి పద్దులో గుమ్మాలున్నాయి, రెండవదానిలో లేవు. రెండవ పద్దులో లెక్క ప్రకారం పదిమంది ఆటగాళ్లు. జట్టుకు ఒక్కడే తక్కువ. మొదటి పద్దులో శూన్యం. ఈ రెండు పద్దుల మధ్య తేడాయే మా చరిత్ర. ఊహా లీగును నిజంగా చారిత్రకం చేసేది ఆ తేడా. ఒక్క పద్దుతో నడిపిన లీగు, ఎంత పెద్దదయినా, కూవర్ నవలలోని గణకుడి లీగే.

మూడవ పద్దు ఒకటి కూడా రాశాం. అందులో పన్నెండు కార్డులు మాత్రమే, అందరూ సంస్థానాధీశుల బిడ్డలు. ప్రతిభ పాచిక వీరికీ అదే. పన్నెండుమందిలో ఒకడికి ప్రతిభ. గుమ్మాలు మాత్రం తెరిచే ఉన్నాయి. కనుక పన్నెండుగురూ ఆడారు. ఇది అతిశయోక్తి అన్నవారికి 1936 గుర్తు చేశాను. ఆ సంవత్సరం ఇంగ్లండు పర్యటనకు భారత జట్టు నాయకుడు విజయనగరం మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజు. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్సులు ఆడి అతడు చేసినవి 33 పరుగులు, సగటు 8.25. బుక్ క్రికెట్లో కళ్లు మూసుకుని పుట తెరిచినా 13 వస్తుందని పైన చూశాం. అదే జట్టులో, ఆయన నాయకత్వం కింద, సి.కె. నాయుడు ఆడాడు - నాగపూరు తెలుగు కుటుంబంలో పుట్టి, 1926లో ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సర్లతో 153 పరుగులు చేసి, 1932లో భారతదేశపు మొదటి టెస్టుకు నాయకత్వం వహించినవాడు. 1932లో పోర్‌బందర్ మహారాజు తన ఆట తక్కువని తెలిసి తప్పుకున్నాడు కనుక నాయుడికి ఆ అవకాశం వచ్చింది. 1936లో ఎవరూ తప్పుకోలేదు. ఆ ఏడు లాలా అమరనాథ్‌ను మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపించేశారు. ఇద్దరూ తెలుగువారేనని మనం గర్వపడవచ్చు. కాని ఒకడి కింద ఇంకొకడు ఎందుకు ఆడవలసి వచ్చిందో భాషాభిమానం చెప్పదు, ఆస్తి సంబంధాలు చెబుతాయి.

నాయుడు కూడా న్యాయవాదుల ఇంట పుట్టినవాడని మరచిపోరాదు. బడి, తీరిక గుమ్మాలు అతనికి తెరిచే ఉన్నాయి. మూడు గుమ్మాలూ మూసి ఉన్నచోట నుంచి వచ్చినవాడు పల్వాంకర్ బాలూ. చర్మకార కులంలో పుట్టి, పూనాలో దొరల క్లబ్బు మైదానం పనిచేస్తూ, వారు బ్యాటు సాధన చేయడానికి బంతులు వేసి ఆట నేర్చాడు. హిందూ జట్టు అతని బంతి కావాలనుకున్నది, అతని గ్లాసు వేరుగా పెట్టింది. 1911 ఇంగ్లండు పర్యటనలో 100కు పైగా వికెట్లు పడగొట్టినా హిందూ జట్టు నాయకత్వం అతనికి దక్కలేదు. 1923లో అతని తమ్ముడు విఠల్‌కు దక్కింది, అదీ ఎంతో పోరు జరిగిన తరువాత. 72లో ఒకటి అన్న మా లెక్కలో ఆ ఒకటి ఇలా ఉంటుంది. మిగిలిన 71 మందికి బాలూ సాక్షి, సమాధానం కాదు. ఒకడు వచ్చాడు గదా, అందరూ రావచ్చు గదా అనేవారు ఈ అంకెను మరోసారి చూడాలి.

7

ఈ పద్ధతి మీద రాగల ఆక్షేపణలు రెండు.

మొదటిది భౌతికవాదులు చేసేది: ప్రతిభను పాచికతో పుట్టుకనాడే నిర్ణయించడం భావవాదం కాదా? ప్రతిభ కూడా సాధనలో, సమాజంలో రూపొందేదే గదా? అవును. శాస్త్రీయంగా చూస్తే మా పాచిక సరయినది కాదు. అయినా దాన్ని ఉద్దేశపూర్వకంగానే ఉంచాం. పుట్టు ప్రతిభ మీద నమ్మకం ఉన్నవాడి మాట యథాతథంగా ఒప్పుకుని లెక్కవేసినా, పదిమంది ప్రతిభావంతులు నాశనమయ్యారని తేలుతున్నది. సాధనతోనే ప్రతిభ అనే నిజాన్ని కూడా చేరిస్తే నష్టం 120 మందిదీ అవుతుంది. ప్రత్యర్థి నియమాలతోనే ఆడి గెలవడం వాదంలో మేలు.

రెండవది చరిత్రకారులు చేసేది: కల్పన ఆధారం కాదు. ఇదీ నిజమే. మా 120 కార్డులు ఎవరి ఉనికినీ రుజువు చేయవు. ఆరింట ఒకటి, సగం అన్నవి మేము పెట్టుకున్న నిబంధనలు. సర్వే లెక్కలు కావు. అందుకే నిబంధనలను పద్దు మొదటి పుటలో రాసి, ఎవరయినా మార్చి మళ్లీ నడపడానికి వీలుగా ఉంచాం. అమెరికా యజమానుల ఒప్పందంలాగా అది రాయని నిబంధన కాకూడదు. కల్పిత ఆటగాడు ఆధారం కాదు, ప్రశ్న. ఆ ప్రశ్న పట్టుకుని విద్యార్థులు ఇళ్లకు పోయి, తాతలు ఏ వయసులో పనిలోకి దిగారు, బడి ఎంత దూరం, ఏ ఆటలు ఆడారు అని అడిగి వచ్చారు. చెడుగుడు, గిల్లిదండ, ఏటి ఇసుకలో కుస్తీ - ఇవన్నీ పద్దు వెనుక పుటల్లోకి ఎక్కాయి. అవి ఆధారాలే. ఆ వెనుక పుటలు నింపించడమే కార్డుల పని.

8

పద్దులు సగమయ్యాక ఒక అమ్మాయి లేచి, "సార్, ఆ 120 మందిలో ఆడపిల్లలు ఎందరు?" అని అడిగింది. పుటలో జవాబు లేదు. మరి 120 కార్డులు కోయించి ఆమె చేతనే పాచికలు వేయించాను. గుమ్మాలు లేని పద్దులో మరో పదిమంది వచ్చారు. ఒక జట్టుకు తక్కువయిన చోట ఇప్పుడు రెండు జట్లకు దగ్గరగా ఆటగాళ్లు. గుమ్మాలున్న పద్దులో ఆమె పాచిక వేయకుండానే సున్నా రాసింది. ఎందుకు వేయలేదని అడిగితే, గుమ్మమే లేదు, గోడ ఉంది గదా అన్నది. దేశంలో మహిళా క్రికెట్‌కు ఒక సంఘం ఏర్పడింది 1973లో. సికిందరాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ 1999లో తన మొదటి అంతర్జాతీయ మ్యాచిలోనే అవుటు కాకుండా 114 పరుగులు చేసింది. భద్రాచలం నుంచి వచ్చిన గొంగడి త్రిష 2025 అండర్-19 ప్రపంచ కప్పులో టోర్నమెంటు ఉత్తమ క్రీడాకారిణి అయింది. హైదరాబాదు ఆటో డ్రైవరు కొడుకు మహమ్మద్ సిరాజ్ భారత జట్టుకు బంతి వేశాడు. గుమ్మాలు కదిలాయి. జాగీర్ల రద్దు, బడులు, రోడ్లు, ప్రజల పోరాటాలు వాటిని కదిలించాయి; ఏ నవాబు కప్పూ కదిలించలేదు.

అయితే గుమ్మం కదలడం వేరు, పోవడం వేరు. మూడవ గుమ్మంలో నవాబు స్థానంలోకి 2008 నుంచి వేలం పాట వచ్చింది. ఆటగాడి మీద ఇప్పుడు ధర చీటీ ఉంది. ఊహా లీగు కూడా అంగడి సరుకయింది: ఫోనులో జట్టు కట్టు, డబ్బు కాయి, గెలిస్తే లక్షలు అన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2017లో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది; 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టం చేసింది. చట్టం పందేన్ని ఆపగలదు. ఊహను ఎవరి పని మీద పెట్టాలన్నది చట్టం చెప్పలేదు. అది మనం చెప్పవలసినది. ఎవడు గెలుస్తాడని పందెం కాసే ఊహా లీగు ఒకటి. ఎవడు ఎందుకు ఆడలేకపోయాడని అడిగే ఊహా లీగు మరొకటి. పాచికలు రెండింటికీ ఒకటే.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇది. ఈ పనికి ఖర్చు ఏమీ లేదు. రెండు పాచికలు, పాత క్యాలెండర్ల అట్టలు కోసి చేసిన కార్డులు, రెండు నోటు పుస్తకాలు చాలు. మీ తాలూకా ఏ సంస్థానంలో ఉండేదో, శిస్తు ఎవరికి పోయేదో, బడి ఎప్పుడు వచ్చిందో కనుక్కుని మీ గుమ్మాలు మీరు పెట్టుకోండి. కోస్తాలో జమీందారీ గుమ్మం ఉంటుంది, రాయలసీమలో కరువు గుమ్మం ఉంటుంది, సింగరేణిలో గని గుమ్మం ఉంటుంది. ఆట క్రికెట్టే కానక్కరలేదు. సంగీతమయినా, నాటకమయినా, గణితమయినా సరే. ఒక్క నియమం తప్పకండి: ప్రతి లీగుకూ రెండు పద్దులు ఉండాలి, నిబంధనలు మొదటి పుటలో రాసి ఉండాలి. మా రెండు పద్దులూ తరగతి బీరువాలో ఉన్నాయి. వచ్చే సంవత్సరపు విద్యార్థులు 1949ని మొదటి పుటలో రాసి, ఏ గుమ్మం ఎంత తెరవాలో తామే వాదించుకుని, 121వ కార్డు నుంచి మొదలు పెడతారు.